తిరుపతి ఇరవై: ఒక పాటల పట్టిక తయారవుతున్న డైరీ

ఏప్రిల్ మొదటి వారం

పని మొదలైంది. తిరుపతిలో ఆ వారం ఎక్కువగా వినబడిన 20 పాటల జాబితా తయారుచేసి, ఏ3 కాగితం మీద ప్రింటు తీసి, ప్రతి శుక్రవారం బాలాజీ కాలనీలో నేను టీ తాగే కొట్టు గోడకు అంటించాలి. దాని పక్కనే ఇంకో కాగితం ఉంటుంది. ఏ ఏడాది ఏ పాట ప్రపంచంలో డిజిటల్‌గా అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిందో అందులో ఉంటుంది. ఒకటి మన ఊరి లెక్క, ఒకటి లోకం లెక్క. రెండూ పక్కపక్కన కనబడాలని నా కోరిక.

నాది అకౌంట్స్ పని. పాటల అమ్మకాల పట్టికలంటే మాత్రం చదువుకునే రోజుల నుంచీ ప్రాణం. లక్షల మంది ఒకే వారంలో ఒకే పాట కోసం జేబులో చెయ్యి పెట్టారంటే ఆ పాటలో ఏదో ఉండే ఉంటుంది. అది నాకు మొదట లెక్కల్లో కనబడుతుంది, తర్వాత చెవికి అందుతుంది. నాలాంటి వాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారని నా నమ్మకం.

కోడు రాసే పని మా అక్క కూతురు తీసుకుంది. ఇంజనీరింగ్ చదువుతోంది, పైథాన్ బాగా వచ్చు. "మామా, డేటా క్లీన్‌గా ఇస్తే మిగతాది నేను చూసుకుంటా" అంది. ఆ క్లీన్‌గా అన్నదే పెద్ద పని.

శుక్రవారమే ఎందుకంటే, ప్రపంచమంతా కొత్త పాటలు శుక్రవారం విడుదల చేయాలని సంగీత కంపెనీలు 2015 జూలై 10 నుంచి పద్ధతి పెట్టుకున్నాయి. అమెరికాలో పాటల పట్టికలు వేసే బిల్‌బోర్డ్ పత్రిక కూడా అమ్మకాల వారాన్ని శుక్రవారం నుంచి గురువారానికి మార్చుకుంది. మన వారం కూడా అదే అయితే తర్వాత పోల్చుకోవడం సులువు.

రెండో వారం, లోకం లెక్క

ముందు సులువైన కాగితం చేసేద్దామని కూర్చున్నా. తీరా చూస్తే ఇదే కష్టమైనది.

ఆపిల్ ఐట్యూన్స్ మ్యూజిక్ స్టోర్ అమెరికాలో 2003 ఏప్రిల్ 28న తెరిచారు. పాట 99 సెంట్లు. మొదటి వారంలోనే 10 లక్షల పాటలు అమ్ముడుపోయాయి. ఆల్బమ్ మొత్తం కొనకుండా నచ్చిన పాట ఒక్కటే కొనుక్కోవడం మళ్లీ మొదలైంది అక్కడే. 2006 ఫిబ్రవరికి ఆ కొట్టు 100 కోట్ల పాటలు అమ్మేసింది. అమెరికాలో డౌన్‌లోడ్లలో 10 లక్షలు దాటిన మొదటి పాట 2005లో గ్వెన్ స్టెఫానీ పాడిన 'హోలాబ్యాక్ గర్ల్'. బ్రిటన్‌లో డౌన్‌లోడ్ల బలం ఒక్కటే చూసుకుని నంబర్ వన్ కొట్టిన మొదటి పాట 2006 ఏప్రిల్‌లో నార్ల్స్ బార్క్‌లీ 'క్రేజీ'. అప్పటికి దాని సీడీ ఇంకా కొట్లకే రాలేదు. ఈ రెండు పాటలూ నాకు ఎప్పుడూ ఇష్టమే. లెక్కలో కొత్త ఖాతా తెరిచినప్పుడు మొదటి పద్దు రాసినట్టు ఉంటాయి.

ఇక ఏడాదివారీ జాబితా. రికార్డింగ్ కంపెనీల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌పీఐ లండన్ నుంచి ఏటా ప్రకటిస్తుంది. మన లెక్కల్లోకి మార్చి షీటులో దించాను. 2007లో అవ్రిల్ లవీన్ 'గర్ల్‌ఫ్రెండ్' 73 లక్షలు. 2008లో లిల్ వేన్ 'లాలీపాప్' 91 లక్షలు. 2009లో లేడీ గాగా 'పోకర్ ఫేస్' 98 లక్షలు. 2010లో కేషా 'టిక్ టాక్' కోటి దాటి 1 కోటి 28 లక్షలకు పోయింది. 2013లో 'బ్లర్డ్ లైన్స్' 1 కోటి 48 లక్షలు. 2015లో 'సీ యూ అగైన్' 2 కోట్ల 9 లక్షలు. 2017లో ఎడ్ షీరన్ 'షేప్ ఆఫ్ యూ' 2 కోట్ల 66 లక్షలు. 2019లో బిల్లీ ఐలిష్ 'బ్యాడ్ గై' 1 కోటి 95 లక్షలు.

ఆ కిందనే 2020: ద వీకెండ్ 'బ్లైండింగ్ లైట్స్', 272 కోట్లు.

గ్రాఫ్ గీయమంటే కంప్యూటర్ ఏం చేస్తుంది? 2020 కడ్డీ కాగితం పైదాకా లేచింది, అంతకు ముందువన్నీ నేలకు అంటుకుపోయాయి. పదమూడేళ్ల చరిత్ర ఒక గీతలా మిగిలింది. మా మేనకోడలు చూసి, "ఆ పాటను ఒక్కసారిగా వంద రెట్ల మంది విన్నారా మామా?" అని అడిగింది. గోడ దగ్గర నిలబడే ప్రతి మనిషీ ఇదే అడుగుతాడు. కాబట్టి జవాబు కాగితం మీదే ఉండాలి.

జవాబు ఇది. 2007 నాటి 'ఒకటి' అంటే ఒక మనిషి డబ్బు కట్టి ఒక పాట దించుకోవడం. తర్వాతి ఏళ్లలో స్ట్రీమ్‌లను, అంటే దించుకోకుండా నెట్‌లోనే వినడాన్ని కూడా, ఇన్ని వింటే ఒక కొనుగోలుకు సమానం అని లెక్కగట్టి కలిపారు. 2020 నుంచి లెక్క మొత్తం స్ట్రీమ్‌లలోకే మార్చేశారు. ఇప్పుడు 'ఒకటి' అంటే ఒకసారి వినడం. పాత 'ఒకటి', కొత్త 'ఒకటి' రెండూ ఒకే కాలమ్‌లో ఉండకూడదు. రూపాయలూ పైసలూ ఒకే కాలమ్‌లో వేస్తే ఏ ఆడిటరూ సంతకం పెట్టడు.

అమెరికా రికార్డింగ్ సంఘం ఆర్ఐఏఏ పాటలకు గోల్డు, ప్లాటినం గుర్తింపులు ఇవ్వడానికి 2013లో 100 స్ట్రీమ్‌లను ఒక అమ్మకంగా లెక్కించింది, 2016లో దాన్ని 150 చేసింది. ఆ 150తో 272 కోట్లను భాగిస్తే 1 కోటి 81 లక్షలు వస్తుంది. అంటే ముందు ఏడాది 'బ్యాడ్ గై'కి దగ్గరలోనే ఉంది. ఇది నేను వేసిన భాగహారమే, సమాఖ్య ప్రకటించిన అంకె కాదు. కానీ ఆకాశానికి లేచిన ఆ కడ్డీ ఎందుకు లేచిందో దీనితో తెలిసిపోతుంది. పాట పెరగలేదు, కొలత మారింది.

మూడో వారం

గ్రాఫును రెండు ముక్కలు చేశాం. ఎడమ కాగితంలో 2007 నుంచి 2019 దాకా, లక్షల్లో. కుడి కాగితంలో 2020 నుంచి, కోట్ల స్ట్రీమ్‌లలో. మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ. ఎడమది నీలం, కుడిది నారింజ. ప్రింటింగ్ షాపు అబ్బాయి ఖాళీ తీసేసి కలిపేద్దామన్నాడు, చూడ్డానికి బాగుంటుందని. వద్దన్నాను. ఆ ఖాళీయే ఈ కాగితంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి.

కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం చేర్చాను: అమెరికాలో పాటల డౌన్‌లోడ్లు 2012లో 134 కోట్ల దాకా పోయి, 2013లో మొదటిసారి తగ్గాయి. డౌన్‌లోడ్ అన్నది పుట్టి, పెద్దదై, పక్కకు తప్పుకోవడానికి పట్టిన కాలం పదేళ్లే. గ్రామఫోను రికార్డు ఎన్ని దశాబ్దాలు బతికింది! డిజిటల్ సింగిల్, అంటే విడిగా అమ్మే ఒక్క పాట, చరిత్ర ఇంత చిన్నది కాబట్టే దాన్ని జాగ్రత్తగా రాసి పెట్టుకోవాలని నాకు అనిపిస్తుంది.

ఏప్రిల్ చివర, అడగడం

ఇప్పుడు మన ఊరి కాగితం. పద్ధతి 1952 నుంచి తెచ్చుకున్నాను. ఆ ఏడాది నవంబర్ 14న బ్రిటన్‌లో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రిక మొదటి సింగిల్స్ పట్టిక వేసింది. పెర్సీ డికిన్స్ అనే ఆయన సుమారు 20 రికార్డు కొట్లకు ఫోన్ చేసి, మీ దగ్గర ఎక్కువ పోతున్నవేంటి అని అడిగి కూడిక వేశాడు. పన్నెండు స్థానాల జాబితా, కానీ సమానంగా వచ్చిన పాటల వల్ల అందులో 15 పాటలు చేరాయి. మొదటి స్థానం ఆల్ మార్టినోది. కంప్యూటర్ లేదు, బార్‌కోడ్ లేదు. ఒక ఫోను, ఒక పెన్సిలు. ఆయన చేయగా లేనిది మనమెందుకు చేయలేం?

రికార్డు కొట్లు ఇప్పుడు లేవు గనక పాట వినబడే చోట్లు ఎంచుకున్నాను. ఆర్టీసీ బస్టాండ్ ముందు ఆటో స్టాండు, లీలామహల్ సర్కిల్ దగ్గర జ్యూసు కొట్టు, గాంధీ రోడ్డులో మొబైల్ కొట్టు, కొర్లగుంటలో సెలూను, అలిపిరి దారిలో టిఫిన్ బండి, ఇలాంటివి. ఒక్కొక్కరినీ ఈ వారం మీరు ఎక్కువగా పెట్టిన ఐదు పాటలేవని అడగడం.

ఆటో స్టాండులో ఒక పెద్దాయన, "ఏం సామీ, సర్వేనా? పాటల మీద కూడా పన్నేస్తారా ఏంది?" అన్నాడు. అంతా వివరించి చెబితే ఆసక్తిగా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన చెప్పిన ఐదూ ఘంటసాల పాటలే. ఆ పక్కన ఆటోలో కుర్రాడు చెప్పిన ఐదూ ఈ వేసవిలో విడుదలైనవి, అందులో రెండు తమిళం. తిరుపతిలో ఇది సహజం. తమిళనాడు సరిహద్దు దగ్గర, రోజూ అటు నుంచి వచ్చే భక్తులు, వాళ్లను ఎక్కించుకునే ఆటోలు. "అరవం వాళ్లు ఎక్కితే అరవం పాట పెడతా అన్నా, వాళ్లకీ హుషారుగా ఉంటాది" అన్నాడు. హైదరాబాదు నుంచి ఎవరో తెలుగు టాప్ 20 అని వేస్తే అందులో ఈ సంగతి కనబడదు. అందుకే ఊరి పట్టిక ఊళ్లోనే తయారు కావాలి.

గాంధీ రోడ్డు మొబైల్ కొట్టులో

ఈ ఎంట్రీ పొడుగ్గా రాస్తున్నా, ఎందుకంటే ఆ కొట్టాయన చెప్పింది ఏ పట్టికలోనూ లేని చరిత్ర.

ఐట్యూన్స్ స్టోర్ మన దేశానికి 2012 డిసెంబర్‌లో గానీ రాలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ 'ఫ్లైట్' పేరుతో పాటలు అమ్మడం మొదలుపెట్టి, 2013 జూన్‌లో మూసేసింది. అంటే లోకమంతా డౌన్‌లోడ్ సింగిల్ రాజ్యమేలిన పదేళ్లలో, మనకు చట్టబద్ధంగా ఒక్కో పాట కొనుక్కునే అలవాటు సరిగ్గా పుట్టనే లేదు. మరి పాటలు ఎట్లా చేరాయి?

"మెమరీ కార్డు తెచ్చేవాళ్లు సార్. పదికో ఇరవైకో నింపి ఇచ్చేది. పెళ్లిళ్ల సీజన్లో లైను కట్టేవాళ్లు" అన్నాడాయన. ఊళ్ల నుంచి బస్సు దిగిన వాళ్లు కొండకు పోయేముందు కార్డు ఇచ్చిపోయి, దర్శనమయ్యాక వచ్చి తీసుకునేవాళ్లట. ఏ పాట ఎక్కువ అడిగేవాళ్లు అంటే, "పాట పేరు ఎవరడుగుతారు? హీరో పేరు చెప్పేది, లేకుంటే హుషారువి ఎక్కించు అనేది" అన్నాడు. ఆ వ్యాపారంలో పాట రాసినవాళ్లకూ పాడినవాళ్లకూ పైసా ముట్టలేదు. అది తప్పే. కానీ విన్నవాళ్లు లేరని అనలేం కదా! లక్షల చెవులు, ఒక్క పద్దు కూడా లేదు.

లెక్కలోకి వచ్చినవి కాలర్ ట్యూన్లు. మన దేశంలో స్మార్ట్‌ఫోన్ అందరి చేతికీ రాకముందు, డిజిటల్ పాటకు నిజంగా డబ్బు కట్టినవాళ్లలో ఎక్కువమంది కట్టింది దీనికే. పాట మనకు కాదు, మనకు ఫోన్ చేసినవాళ్లకు వినబడుతుంది. విన్నది నచ్చితే స్టార్ నొక్కి అదే పాటను మనమూ పెట్టుకోవచ్చు. ఇంకొకరి చెవి కోసం నెలనెలా డబ్బు కట్టడమంటే ఎంత ప్రేమ! నన్నడిగితే కాలర్ ట్యూనే మన దేశపు మొదటి డిజిటల్ సింగిల్. కొట్టాయన దానికి కొత్త కోణం చెప్పాడు. "తిరుపతిలో సగం మందికి గోవింద నామాలే ఉండేవి సార్. ఫోన్ చేస్తే ముందు దేవుడు పలికేది, తర్వాత మనిషి."

తర్వాతిది అందరికీ తెలిసిందే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చౌకయింది. కార్డు నింపే కంప్యూటర్ ఆయన కొట్టులో మూలకు చేరింది. ఇప్పుడు టెంపర్డ్ గ్లాసులు, పౌచ్‌లు అమ్ముతున్నాడు.

మే, వినడం

అడిగిన జాబితాలు చాలా వచ్చాయి. ఇప్పుడు రెండో పద్ధతిని వాటి పక్కన ఉంచి పోల్చి చూడాలని ముందే అనుకున్నాం. అడగకుండా వినడం.

దీనికీ ఒక కారణం ఉంది. అమెరికాలో 1991 దాకా కొట్లవాళ్లు ఏవి బాగా పోతున్నాయో నోటితో చెప్పిందే లెక్క. ఆ ఏడాది మే నుంచి బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికకు సౌండ్‌స్కాన్ వాడారు. గల్లాపెట్టె దగ్గర బార్‌కోడ్ గీసినప్పుడల్లా ఒకటి పడుతుంది. అంతే, కంట్రీ, రాప్ ఆల్బమ్‌లు ఒక్కసారిగా పైకి లేచాయి. జనం అంతకుముందు కూడా అవే కొంటున్నారు. కౌంటర్ వెనక ఉన్నవాళ్లకు గుర్తుకొచ్చే పాటలు వేరే, అంతే.

మనకు బార్‌కోడ్ లేదు. చెవులున్నాయి, పాట గుర్తుపట్టే యాప్ ఉంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క. మేమూ అదే నియమం పెట్టుకున్నాం. కదిలే ఆటోలో పాట అంతసేపు మనకు అందదు కాబట్టి స్టాండులో ఆగి ఉన్నవే లెక్క. పూర్ణకుంభం సర్కిల్ దగ్గర, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కంచు విగ్రహం ఉన్న చోట, సిగ్నల్ పడితే కూడా 30 సెకన్లు దొరుకుతుంది. ఆమె ఎదురుగా నిలబడి పాటలు లెక్కపెట్టడం నాకు గర్వంగానే ఉంది.

రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టాం: చెప్పింది, విన్నది. సెలూను ఆయన చెప్పిన ఐదు పాటలూ కొత్తవి. మేం కూర్చున్నంతసేపు అక్కడ మోగినవి మాత్రం 1990ల నాటి ఇళయరాజా పాటలు. ఆయనేమీ అబద్ధం చెప్పలేదు. కొత్తగా వచ్చినవి గుర్తుంటాయి, అలవాటైనవి గాలిలాగా ఉండిపోతాయి. ఎక్కువగా వినబడిన పాటలు కావాలంటే 'విన్నది' అన్న కాలమ్‌దే ప్రధాన స్థానం అని తేల్చాం. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ల పాట బయటికి వినబడదు గనక వాళ్లకోసం 'చెప్పింది' కాలమ్ కూడా ఉంచాం, విడిగా.

జాతర వారం

తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చింది. వీధుల్లో వేషాలు, పంబ మోతలు, మైకుల్లో అమ్మవారి పాటలు. విన్న పాటలు రాసుకునే మా ఫారాలు మొత్తం వాటితోనే నిండిపోయాయి. సినిమా పాట అన్నది ఎక్కడో కిందకు జారింది.

మేనకోడలు ఇవి తీసేసి మామూలు వారంలా చూపిద్దామంది. నేను ఒప్పుకోలేదు. మరియా కేరీ 1994లో పాడిన క్రిస్మస్ పాట 25 ఏళ్ల తర్వాత, 2019 డిసెంబర్‌లో, బిల్‌బోర్డ్ వారం వారం వేసే పాటల పట్టిక హాట్ 100లో మొదటిసారి నంబర్ వన్ అయింది. డౌన్‌లోడ్ల కాలంలో పాట ఒకసారి కొనుక్కుంటే అంతే, వచ్చే పండుగకు మళ్లీ కొనరు. స్ట్రీమ్‌లలో ప్రతి డిసెంబర్‌లో మళ్లీ వింటారు, మళ్లీ లెక్క పడుతుంది. కొలత మారాకే పండుగ పాటకు దాని చోటు దక్కింది. మన గంగమ్మ పాటలకూ ఆ వారం ఆ చోటు దక్కాలి. ఆ వారం కాగితం పసుపు రంగులో ప్రింటు తీశాం. టీ కొట్టు దగ్గర ఎక్కువసేపు జనం నిలబడి చదివింది ఆ కాగితాన్నే.

ఎవరి ఓటు ఎంత

బ్రిటన్ పట్టికలో 2014 జూలై నుంచి స్ట్రీమ్‌లు కలిశాయి, అప్పుడు 100కు ఒకటి. 2017 మొదట్లో 150కి ఒకటి. 2018 జూలై నుంచి డబ్బు కట్టి వినేవాళ్లవి 100 అయితే ఒకటి, ప్రకటనలతో ఉచితంగా వినేవాళ్లవి 600 అయితే ఒకటి. అంటే డబ్బు కట్టినవాడి చెవి ఉచితంగా వినేవాడి చెవి కంటే ఆరు రెట్లు బరువు. కంపెనీలకు అది న్యాయమే, వాళ్లు లెక్కించేది వ్యాపారాన్ని. మా ఆటో కుర్రాడు వినేది ఉచితంగానే. వాడి హుషారు ఆరో వంతా? మా పట్టికలో ఆ తేడా పెట్టలేదు.

మేం పెట్టుకున్న నియమం: ఒక చోటు, ఒక పాట, ఒక వారం, ఒక ఓటు. జ్యూసు కొట్టులో ఒకే పాట పొద్దంతా తిప్పి తిప్పి వేసినా ఒకటే. ఊళ్లో ఎంత దూరం పాకిందన్నది ముఖ్యం, ఒకే చోట ఎన్నిసార్లు మోగిందన్నది కాదు.

ఈ నియమం ఎంత అవసరమో వెంటనే తెలిసింది. ఒక హీరో అభిమానులు టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నారు. "అన్నా, మావోడి పాట ఏడో నంబర్లో ఉండాది. ఎన్ని చోట్ల పెట్టించాలో చెప్పు, పెట్టిస్తాం." వాళ్ల కళ్లలో నిజమైన బాధ. మేనకోడలు ఇంటికొచ్చాక వాళ్ల తరఫునే మాట్లాడింది. ఆమె కొరియా పాటల బృందం బీటీఎస్ అభిమాని. 2020లో వాళ్ల పాట 'డైనమైట్' హాట్ 100లో నేరుగా నంబర్ వన్‌గా దిగినప్పుడు మొదటి వారం అమ్మకాలు 3 లక్షలు, అందులో 2 లక్షల 65 వేలు డౌన్‌లోడ్లే. అందరూ డౌన్‌లోడ్లు మానేసిన కాలంలో అభిమానులు పట్టుబట్టి కొన్నారు. "కొన్నది నిజమే కదా మామా? డబ్బు పెట్టారు, ఇష్టంతో పెట్టారు. అది లెక్క కాకపోతే ఇంకేది లెక్క?"

ఆమె మాటలో బలం ఉంది. అది అమ్మకాల పట్టిక, కొన్నారు, లెక్క పడింది. మాది వినబడే పాటల పట్టిక. అభిమానులు జ్యూసు కొట్టుకు పోయి పెట్టించినా ఒక్క ఓటే. అన్ని చోట్లా పెట్టించగలిగితే మాత్రం ఆ పాట నిజంగానే ఊరంతా వినబడినట్టు. అదే వాళ్లకు చెప్పాను. తృప్తి పడ్డారు. యూట్యూబ్ కూడా 2019 సెప్టెంబర్‌లో, డబ్బిచ్చి ప్రకటనలుగా చూపించిన వ్యూలను తన సంగీత పట్టికల్లో లెక్కించబోమని తేల్చింది.

జూన్, సుప్రభాతం

అసలు పేచీ ఇక్కడుంది. తెల్లవారి ఐదింటికి కొర్లగుంట నుంచి అలిపిరి దాకా నడిస్తే, టిఫిన్ బండ్లలో, ఇళ్లలో, గుళ్ల మైకుల్లో ఒకటే: ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం. 1963లో హెచ్ఎంవీ విడుదల చేసిన రికార్డు. దాని రాయల్టీని ఆమె టీటీడీ వేద పాఠశాలకు ఇచ్చేశారు. మా నియమం ప్రకారం ప్రతి వారం అదే నంబర్ వన్. దాని కింద గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారి గొంతులో అన్నమయ్య కీర్తనలు.

పెద్ద పట్టికలు పాత పాటను ఏం చేస్తాయి? హాట్ 100లో 20 వారాలు దాటి, 50వ స్థానం కిందికి జారిన పాటను తీసి పక్కన పెడతారు. బ్రిటన్‌లో చాలా వారాలుండి తగ్గుముఖం పట్టిన పాట స్ట్రీమ్‌లకు సగం విలువే ఇస్తారు. 2022లో కేట్ బుష్ 1985 నాటి పాట ఒక సిరీస్ పుణ్యమా అని మళ్లీ లేచినప్పుడు, ఈ తగ్గింపు నుంచి దానికి మినహాయింపు ఇస్తే తప్ప నంబర్ వన్ కాలేకపోయింది. కొత్తవాటికి చోటివ్వాలని ఆ ఏర్పాటు. కానీ సుప్రభాతం పాత పాట కాదు. ఈ ఊళ్లో అది రోజూ కొత్తగా మొదలవుతుంది. దాన్ని తీసేసి తిరుపతి పట్టిక అని పేరు పెడితే నేను సంతకం పెట్టలేను.

అలాగని ప్రతి శుక్రవారం అదే పైన ఉంటే కిందివాటిని ఎవరూ చదవరు. చాలా రాత్రులు దీని మీదే వాదన. చివరికి దారి ఫారాల్లోనే దొరికింది. మేం మొదటి నుంచీ ప్రతి ఎంట్రీకి టైము రాస్తున్నాం. మేనకోడలు గంటలవారీగా విడదీసి చూపించింది. ఎనిమిది దాకా ఒక ఊరు, ఆ తర్వాత ఇంకో ఊరు. రెండింటిలోనూ ఉన్న పాటలు దాదాపు లేవు. సుప్రభాతం సినిమా పాటలతో పోటీ పడనే లేదు, మేమే కలిపి పోటీ పెడుతున్నాం.

కాబట్టి రెండు కాగితాలు. తెల్లవారి పట్టిక, పగటి పట్టిక. గ్రాఫు మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలినట్టే.

తెల్లవారి పట్టికలో ఒక చిక్కు ఉంది. ఒకే కీర్తన నలుగురి గొంతుల్లో వినబడుతుంది. ఒక పాటా, నాలుగా? అమెరికాలో 1935లో మొదలైన 'యువర్ హిట్ పరేడ్' రేడియో కార్యక్రమం పాటనే లెక్కించేది, ఎవరు పాడారన్నది కాదు. ఇప్పటి పట్టికలు రికార్డింగును లెక్కిస్తాయి. తెల్లవారి పట్టికకు నేను పాత పద్ధతే తీసుకున్నాను: కీర్తన ఒకటే, పక్కన గాయకుల పేర్లన్నీ. పగటి పట్టికలో రికార్డింగే లెక్క. ధనుర్మాసంలో కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు. ఆ నెలలో తెల్లవారి పట్టిక మొదటి స్థానం మారుతుందా, ఇళ్లలో సుప్రభాతం అలాగే మోగుతుందా? ఇప్పటినుంచే నాకు ఆత్రంగా ఉంది.

జూన్ చివరి శుక్రవారం

గోడ మీద ఇప్పుడు మూడు కాగితాలు: లోకం లెక్క, తెల్లవారి ఇరవై, పగటి ఇరవై. వాటి అడుగున మా నియమాలన్నీ రాశాం. ఎక్కడ విన్నాం, ఎంతసేపు విన్నాం, దేన్ని ఒకటిగా లెక్కించాం. అంకె చూసినవాళ్లు అదెలా వచ్చిందో కూడా అక్కడే చదవగలగాలి. వానకు తడవకుండా ప్లాస్టిక్ షీటు వేశారు టీ కొట్టాయన. ఆయనే ఒక సలహా కూడా ఇచ్చారు, పోయిన వారం స్థానం బ్రాకెట్లో పెట్టమని. వచ్చే వారం నుంచి పెడతాం.

చిత్తూరు పట్టిక ఆగస్టులో మొదలుపెట్టాలని ఉంది. అక్కడ తమిళ పాటల వాటా ఇక్కడికంటే ఎక్కువని నా అంచనా. మేనకోడలి స్నేహితురాలు ఒకామె చిత్తూరులో ఉంటుంది, వినే పని తాను చేస్తానంది. ఫారం, నియమాల కాగితం నిన్న పంపించాను. బస్టాండు, మార్కెట్టు, రెండు సెలూన్లు, ఒక ఆటో స్టాండు ముందు ఎంచుకోమన్నాను. టైము రాయడం మాత్రం మరిచిపోవద్దని గట్టిగా చెప్పాను.